మరిడమ్మ కొంగులో సగం ముక్క

సుందరమ్మ గాజులు పోయిన సంగతి నాకు ముందుగా చెప్పింది మరిడమ్మే. పొద్దున్నే వచ్చి, పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, నా వైపు తిరక్కుండానే, "ఆలింట్లో బంగారం గాజుల జత అవుపడ్డం నేదంట బాబూ," అంది.

"దొరుకుతాయిలే. ఏ బీరువా వెనకో పడుంటాయి."

"ఎతికేరు. ఇల్లంతా ఎతికేరు. నా సంచీ కూడా ఎతికేరు."

పాలు పొంగబోయాయి. మంట తగ్గించింది. నా కాఫీ కలిపి ఇచ్చాకే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆలంటే మా పక్కింటివాళ్ళు. సూర్యనారాయణమూర్తికి మార్కెట్ యార్డు దగ్గర బెల్లం కమిషను వ్యాపారం. సుందరమ్మ అతని భార్య. మరిడమ్మ తన జుట్టు పూర్తిగా నల్లగా ఉండగానే ఆ ఇంట్లో పనికి చేరింది. మా ఇంటికి రావడం మొదలుపెట్టింది మూడేళ్ళ కిందట, నా భార్య ఫెబా పోయిన తరవాత. ఒకరోజు నేను అన్నం మాడ్చి, కిటికీలు తీసి, పొగలో నిలబడి ఉన్నాను. మరిడమ్మ పక్కింటి గోడ మీంచి చూసింది. పిలవకుండానే వచ్చింది. మాడిన గిన్నె నానబెట్టి, వేరే గిన్నెలో బియ్యం కడిగింది. అప్పటినుంచి వస్తూనే ఉంది. అలాంటి మనిషి సంచీ వెతికారంటే నాకు కాఫీ దిగలేదు.

సాయంత్రం మూర్తి గేటు దగ్గరే పట్టుకున్నాడు.

"బావా, రేపు నాతో లాడ్జికి రావాలి. ప్రొఫెసరుగారు వచ్చేరు."

"ఏ ప్రొఫెసరు?"

"జ్ఞానేంద్రగారు. టీవీలో చూళ్ళేదా?"

చూశాను. కేబుల్లో పాత సినిమా వేసినప్పుడల్లా అడుగున అక్షరాలు పరిగెత్తేవి. 'దివ్యదృష్టి సామ్రాట్, టెలిపతీ నిపుణులు ప్రొఫెసర్ జ్ఞానేంద్ర. పోయిన వస్తువు, పోయిన మనిషి, పోయిన ప్రేమ. ప్రతి నెలా మీ అనకాపల్లిలో.' పోయిన మతి సంగతి మాత్రం రాయలేదు. అది తిరిగొస్తే ఆయన వ్యాపారానికే నష్టం. నేను ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీల్లో ఫిజిక్సు చెప్పి లెక్చరర్‌గానే రిటైరయ్యాను. ఈయన ఏ యూనివర్సిటీ మెట్లూ ఎక్కకుండానే ప్రొఫెసరయ్యాడు.

"గొలుగొండ అడవిలో తపస్సు చేసేడంట బావా. ఆకులు తిని బతికేడంట," అన్నాడు మూర్తి.

"నేను నర్సీపట్నంలో ఉన్నప్పుడు గొలుగొండ పిల్లలు నా క్లాసులో ఉండేవారు. పులి కనపడ్డా, కొండచిలువ కనపడ్డా మర్నాడే వచ్చి చెప్పేవారు. ప్రొఫెసరు కనపడ్డాడని ఒక్కరూ చెప్పలేదు."

"నీకు అన్నీ వేళాకోళమే!"

సూర్యనారాయణమూర్తి గురించి ఒక మాట చెప్పాలి. యార్డులో బెల్లం దిమ్మ మీద గోటితో గీకి, ఆ పొడి నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంటాడు. పాకం ఎక్కడ ముదిరింది, సున్నం ఎంత పడింది, బెల్లం ఏ ఊరి చెరుకుది అన్నీ చెప్పేస్తాడు. రైతు ఒట్టేసినా, దళారీ ప్రమాణం చేసినా, తన నాలుక చెప్పిందే ధర. బెల్లం విషయంలో అతను ఎవర్నీ నమ్మడు. మిగతా అన్ని విషయాల్లోనూ అందర్నీ నమ్ముతాడు. అందుకే అతని చేతికి మూడు ఉంగరాలు, మొలకి రెండు తాయెత్తులు, గుమ్మానికి గుమ్మడికాయ, నిమ్మకాయలు, ఎర్రటి కళ్ళ రాక్షసుడి బొమ్మ.

మర్నాడు సుందరమ్మతో కలిసి ముగ్గురం వెళ్ళాం. లాడ్జి పైఅంతస్తు వరండా నిండా జనం. చెప్పుల గుట్ట దగ్గర సఫారీ సూటు తొడుక్కున్న ఒకాయన మంచినీళ్ళు ఇస్తూ అందర్నీ పలకరిస్తున్నాడు. ఆయన పేరు దామోదరం. ప్రొఫెసరుగారి మేనేజరట. ఎంత మర్యాదస్తుడో! సుందరమ్మకి కుర్చీ తెచ్చి వేశాడు.

"ఏం పోయిందమ్మా?"

"గాజులండి. మా అమ్మ పెట్టినవి."

"అయ్యో. అమ్మ జ్ఞాపకం. ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?"

సుందరమ్మ చెప్పింది. అబ్బాయి బెంగుళూరు చదువు, కొట్టు గుమస్తా పైడిరాజు ఇంటికి వచ్చిపోవడం, పనిమనిషి మరిడమ్మ గది తుడవడం. తన బీపీ మాత్ర సంగతి కూడా చెప్పింది. దామోదరం తల ఊపుతూ విన్నాడు.

"ఎవరి మీదైనా మనసులో..."

సుందరమ్మ చీర అంచు నలుపుతూ, "నోటితో అనకూడదు గానండీ, ఆ మరిడమ్మ మొన్న జీతం ముందుగా ఇమ్మంది," అంది.

దామోదరం నా వైపు తిరిగాడు. "తమరు?"

"వరప్రసాదరావు. తోడు వచ్చాను."

"మేడమ్ రాలేదా సార్?"

"ఆవిడ పోయి మూడేళ్ళయింది."

"అయ్యో," అన్నాడు. అది నిజమైన అయ్యోలాగానే ఉంది. తరవాత ప్రొఫెసరుగారికి టీ పట్టుకుని లోపలికి వెళ్ళాడు. టీ తాగడానికి పట్టేదానికన్నా ఎక్కువసేపే లోపల ఉన్నాడు. నేను కళ్ళజోడు తుడుచుకుంటూ ఆ తలుపు వైపే చూశాను. టెలిపతీకి ఇంత టీ అవసరమని మా సిలబస్‌లో లేదు.

పిలుపు వచ్చింది. కిటికీలకు ఎర్రగుడ్డ కట్టి, మూల ఒక చిన్న బల్బు వెలిగించారు. సాంబ్రాణి పొగ. మంచం మీద పులితోలు రంగు దుప్పటి, దాని మీద ప్రొఫెసరు. పట్టు జుబ్బా, చేతికి పెద్ద గడియారం. కళ్ళు మూసుకుని మూర్తి నుదుటి ముందు అరచెయ్యి ఆడించాడు.

"వైబ్రేషన్ వస్తోంది. గుండ్రటి వస్తువు. పచ్చగా మెరుస్తోంది. ఒకటి కాదు, జత. తల్లి ప్రేమ దాని చుట్టూ ఉంది."

సుందరమ్మ గొల్లుమంది.

"తీసింది ఇంటి మనిషే. కానీ ఆ ఇంట పుట్టిన మనిషి కాదు. స్త్రీ. ఎప్పుడూ తడిచేతులు. ఈ మధ్యే డబ్బు అడిగింది."

మూర్తి చెయ్యి నా మోచెయ్యి మీద బిగిసింది. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయని తరవాత చెప్పాడు. నాకూ ఒళ్ళు మండింది గాని కారణం వేరు.

అంతలో ప్రొఫెసరు తల నా వైపు తిప్పాడు. గొంతు మెత్తబడింది.

"వరప్రసాదరావుగారూ, మీ పక్కన ఒకావిడ నిలబడి ఉంది."

అప్పుడు నాకు ఏమయిందో ఉన్నదున్నట్టు చెబుతాను. ఇదంతా దామోదరం టీతో లోపలికి వెళ్ళిందేనని తెలిసి కూడా, నేను కొంచెం ముందుకు వంగాను. మూడేళ్ళుగా నా పక్కన ఎవరూ నిలబడలేదు.

"నిండు ముత్తయిదువు. నుదుట రూపాయి కాసంత కుంకుమ. పసుపు రాసిన పాదాలు. తద్దినం సరిగ్గా పెట్టలేదని బాధపడుతోంది. ఒక శాంతి జరిపిస్తే..."

నేను వెనక్కి వాలాను. ఎంత హాయిగా అనిపించిందో! ఫెబా వాళ్ళ తాతగారు బాప్టిస్టు పాస్టరు. పెళ్ళిరోజున కూడా ఆవిడ నుదురు ఉత్తదే. ఆదివారం తెల్లచీర, చేతిలో కీర్తనల పుస్తకం, కాళ్ళకు బాటా చెప్పులు, అదీ ఫెబా. మా క్రైస్తవుల్లో చాలామంది పేర్లు విని మతం చెప్పలేరు. ప్రొఫెసరుకు నా పేరు సరిపోయింది, మిగతాది అందరికీ కుట్టినట్టే నాకూ కుట్టేశాడు. నా భార్య జ్ఞాపకం జోలికి వచ్చి కూడా తాకకుండా పోయాడు. అందుకు మాత్రం దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను.

బయటికి వచ్చాక మెట్ల మీద మూర్తిని ఆపాను.

"ఏం బావా, విన్నావా? ఫెబాకి కుంకుమట, పసుపట, తద్దినమట!"

మూర్తి ఒక్క క్షణం ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"పైకెళ్ళేక మా వాళ్ళలో కలిసిపోయిందేమో బావా."

గెలీలియోనయినా నిలబెట్టి ఓడించగల మాట అది. అయినా ఒక ప్రయత్నం చేశాను. దామోదరం వరండాలో అన్నీ అడగడం, టీ పట్టుకెళ్ళడం వివరించాను.

"ఆయన అడిగింది మేనేజరుగా. ఈయన చెప్పింది దృష్టితో. రెండూ ఒకటే ఎలా అవుతాయి?" అంది సుందరమ్మ. "మీరు చదువుకున్నవారు అన్నయ్యగారూ, మీకు అనుమానం ఎక్కువ."

చదువుకున్నవాళ్ళకి అనుమానం ఎక్కువని ఆవిడ అనుకోవడం చూసి నవ్వొచ్చింది. ఆ వరండాలో నా పాత స్టూడెంట్లు ఇద్దరున్నారు. ఒకతను బ్యాంకు ఆఫీసరు. నన్ను చూసి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. మా చర్చి వెనక సందులో కూడా ఒకాయన మైకు పెట్టి దర్శనాలు చెబుతాడు. ఆయన దగ్గరా కార్లు ఆగుతాయి. ఈ వ్యాపారానికి మతభేదం లేదు.

ప్రొఫెసరు తీర్పు ఎల్లుండికి పెట్టాడు. ఇంట్లో మసలేవాళ్ళందరూ రావాలి. తలా ఒక మంత్రించిన బెల్లం ముక్క ఇస్తాడు. నిర్దోషి నోట్లో కరిగిపోతుంది. దొంగ నోట్లో ఉమ్ము ఊరదు, ముక్క గొంతు దిగదు.

మర్నాడు మరిడమ్మ నా ఇంట్లో చీపురు పట్టుకుని చాలాసేపు ఒకేచోట ఊడ్చింది.

"నువ్వు వెళ్ళకపోతే ఏం?" అన్నాను.

"ఎల్లకపోతే దొంగననే కదా బాబూ. అమ్మోరు సాచ్చిగా నేను తియ్యనేదు. తియ్యనోలిని బెల్లం ఏటి సేత్తాది?"

అదే నా భయం. ఆమెకి ప్రొఫెసరు మీద నమ్మకం కుదిరింది. దేవుడి పేరు చెప్పి ఎవరు పిలిచినా ధైర్యంగా వెళ్ళే మనిషి.

"వాడు మోసగాడు మరిడమ్మా."

"అయితే మీరూ రండి. సదూకున్నోరు. మోసం సేత్తే పట్టేత్తారు." చీపురు పక్కన పెట్టింది. "ఆల్లు నన్ను దొంగంటే ఈ ఈదిలో ఎవురు గుమ్మం ఎక్కనిత్తారు బాబూ? మా నూకరత్నానికి ఎవురెడతారు?"

నూకరత్నం ఆమె మనవరాలు, తల్లి లేని పిల్ల. ఒకటో తరగతి. ఆ పిల్ల అన్నం, పలక, గౌను అన్నీ ఈ రెండిళ్ళ గిన్నెల మీదే ఆధారం. దొంగ అనే మాట ఒక్కటి పడితే చాలు, మా వీధిలో అది వానకి కూడా కొట్టుకుపోదు.

వస్తానన్నాను. ఏం పట్టుకోగలనో మాత్రం నాకు తెలియలేదు. కాలేజీలో అయితే పరికరాలుంటాయి.

తీర్పు రోజున ఎర్రబల్బు గదిలో అయిదుగురం కూర్చున్నాం. మూర్తి, సుందరమ్మ, గుమస్తా పైడిరాజు, మరిడమ్మ, నేను. మరిడమ్మ తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. గుడికి వచ్చినట్టు వచ్చింది. తలుపు బయట వరుసలో నిలబడ్డవాళ్ళు లోపలికి తొంగి చూస్తున్నారు. తీర్పు నలుగురి ముందూ జరగాలని ప్రొఫెసరే తలుపు తీయించాడు.

రాగిపళ్ళెంలో తమలపాకులు, వాటి మీద బెల్లం ముక్కలు. ప్రొఫెసరు ఏదో గొణిగి, ఒక్కొక్కరి చేతిలో తానే పెట్టాడు. మొదట మూర్తికి.

మూర్తి కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. అలవాటు చొప్పున కళ్ళు మూసుకున్నాడు. "కొత్త బెల్లం," అన్నాడు తనలో తాను. "సున్నం కొంచెం ఎక్కువైంది గానీ మన యార్డు సరుకే."

"మాట్లాడరాదు," అన్నాడు ప్రొఫెసరు.

సుందరమ్మ తింది. పైడిరాజు నమలకుండానే మింగేసి, బతికిపోయినట్టు గట్టిగా ఊపిరి వదిలాడు. తరవాత మరిడమ్మ. తమలపాకు అందుకుని గోడవైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. ఆమె చేతులు ఏదో చేసినట్టు అనిపించింది గానీ ఆ మసక వెలుతుర్లో నాకు తెలియలేదు. ముక్క నోట్లో వేసుకుంది. అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు.

మొదట ధీమాగానే నమిలింది. తరవాత దవడలు నెమ్మదించాయి. పెదాలు ముడుచుకున్నాయి. కళ్ళు పెద్దవయ్యాయి. మింగబోయింది, దిగలేదు. మళ్ళీ ప్రయత్నించింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నా వైపు చూసింది.

"నోరెండిపోతంది బాబూ!"

ఆకులోకి ఉమ్మేసింది. ప్రొఫెసరు కళ్ళు తెరవకుండానే వేలు చాపాడు. "దొరికింది!"

బయట వరుసలోంచి "ఆఁ!" అని ఒకే చప్పుడు. సుందరమ్మ నెత్తి కొట్టుకుంది. "ఇన్నాళ్ళు నా ఇంట్లో తిండి తిన్నావు గదే! మా అమ్మ గాజులే దొరికేయేటే నీకు?"

"నేను తియ్యనేదమ్మా. నేను తియ్యనేదు. తియ్యనేదమ్మా." ఆ మాట మూడోసారి అన్నప్పుడు ఆమె గొంతులో నన్ను భయపెట్టేది ఒకటి వినిపించింది. తనమీద తనకే అనుమానం. ఎండిన నోటిని వేళ్ళతో తడుముకుంటోంది, దేవుడే చెప్పాడేమో, తనకి తెలియకుండా తానే తీసిందేమో అన్నట్టు. బంగారం పోతే పోతుంది. ఒక మనిషికి తన నిజం మీదే నమ్మకం పోయేలా చెయ్యడం అంతకన్నా పెద్ద దొంగతనం. అది నా కళ్ళముందే పట్టు జుబ్బాలో కూర్చుని ఉంది.

వరండాలో గదులు తుడిచే మనిషి ఒకామె జనాన్ని తోసుకుని వచ్చి మరిడమ్మకి గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఆమె ఎవరో మాకు తెలియదు. ఆ గదిలో ఆ క్షణాన బుద్ధి పనిచేసింది ఆమెకొక్కతికే.

"పోలీసులకి చెప్పాలి. పైడిరాజూ, కింద ఫోన్ ఉంది చూడు," అన్నాడు మూర్తి.

మరిడమ్మ ఏడుస్తూ కొంగు లాక్కుని ముఖం తుడుచుకుంది. కొంగు చివర చిన్న ముడి కనిపించింది. దాని చుట్టూ గుడ్డకి చెమ్మ అంటింది.

"కొంగులో ఏముంది మరిడమ్మా?" అన్నాను.

"అదా..." సిగ్గుపడింది. అంత ఏడుపులోనూ సిగ్గుపడింది. "బెల్లమే బాబూ. పెసాదం కదా. సగం ఇరిచి మా నూకరత్నానికి ఉంచేను."

ఆమె ఎప్పుడూ అంతే. మా ఇంట్లో బిస్కట్టిచ్చినా, సుందరమ్మ బూరె ఇచ్చినా, సగం నోట్లోకి, సగం కొంగులోకి. తన ప్రాణం మీదికి వచ్చిన పరీక్షలో కూడా చెయ్యి అలవాటు మానలేదు. ఆ ముక్క తింటే దొంగ నోరెండుతుందని విన్న మనిషి, అందులో సగం మనవరాలికి తీసుకెళ్తోంది. దొంగ చేసే పనేనా అది?

"అది ఇటివ్వు!" ప్రొఫెసరు కళ్ళు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. దివ్యదృష్టి కాదు, మామూలు దృష్టే, బాగా చురుగ్గా ఉంది. మంచం మీంచి దిగేశాడు. "మంత్రశక్తి ఉన్న వస్తువు. బయటికి పోకూడదు."

నేను జీవితంలో ఎవరి చేతిలోంచీ ఏదీ లాక్కోలేదు. ఆ రోజు లాక్కున్నాను. ముడి విప్పి ముక్క గుప్పిట్లో పెట్టుకుని, "బావా, ఇది రుచి చూడు," అన్నాను.

"ముట్టుకోవద్దు!" ప్రొఫెసరు గొంతు పెంచాడు. "అది దొంగ భాగం. ఇంకొకరు తింటే నాలుక పడిపోతుంది."

మూర్తి చెయ్యి వెనక్కి పోయింది. నేను అతన్ని తప్పుపట్టను. ఆ నాలుకే అతని కొట్టు.

"సరే. రిటైరైన లెక్చరర్ నాలుక పడిపోతే ఎవరికీ నష్టం లేదు," అని చివర గిల్లి నోట్లో వేసుకున్నాను.

తీపి తగిలిన వెంటనే నోరంతా పట్టేసింది. చిగుళ్ళు ముడుచుకున్నాయి. ఉమ్ము ఎక్కడికి పోయిందో తెలియదు. వగరు. అయినా మాట వస్తోంది.

"నాలుక పడిపోలేదు. కావాలంటే ఆర్కిమిడీస్ సూత్రం చెబుతాను వినండి. కానీ బావా, నీ ముక్కలాగా లేదిది. ఇందులో ఏదో ఉంది. ఏమిటో నాకు తెలీదు, నీకు తెలుస్తుంది. బెల్లం గురించి ఈ ఊళ్ళో నిన్ను మించినవాడెవడు?"

మూర్తి నా నోటి వైపు చూశాడు, ముక్క వైపు చూశాడు. భయం ఒక పక్క, బెల్లం ఒక పక్క. చివరికి గోటితో గీకాడు, యార్డులో దిమ్మని గీకినట్టే. పొడి నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నాడు.

అతని ముఖం మారడం నేను చూశాను. మొదట అనుమానం, తరవాత నమ్మలేకపోవడం, ఆ తరవాత అవమానం.

"పటిక," అన్నాడు.

"ఏటీ?" అంది సుందరమ్మ.

"పటిక కలిపేడే! బెల్లం కరిగించి, పటిక పొడి కలిపి, మళ్ళీ ముక్క కట్టేడు. గీకితే పలుకు తగుల్తోంది." ప్రొఫెసరు వైపు తిరిగాడు. "నాకిచ్చింది మంచి సరుకు, దానికిచ్చింది ఇదీనా?"

"శక్తి వల్ల రుచి మారుతుంది," అన్నాడు ప్రొఫెసరు.

"శక్తి పటికలా ఉంటాదేటయ్యా? పాకంలో ఏటి పడితే ఏటవుతాదో నాకు చెప్తావా నువ్వు? అనకాపల్లి వచ్చి, బెల్లంలో పటిక కలిపి, సూర్యనారాయణమూర్తి ముందు పెడతావా? ఎన్ని గుండెలురా నీకు!"

గమనించారా? మరిడమ్మకి జరిగిన అన్యాయం కన్నా బెల్లానికి జరిగిన అన్యాయమే అతన్ని ఎక్కువ కాల్చింది. ఏ దారిన వచ్చినా న్యాయం ఆ గదిలోకి వచ్చింది, గుమ్మం దగ్గర నిలబెట్టి ప్రశ్నలు వెయ్యడం మంచిది కాదు.

దామోదరం అప్పటికే సంచీ సర్దుతున్నాడు. సఫారీ సూటులో అంత వేగం ఉంటుందని అనుకోలేదు. పైడిరాజు కిటికీకి కట్టిన ఎర్రగుడ్డ లాగేశాడు. ఎండ పడేసరికి పులితోలు దుప్పటి మీద టీ మరకలు కనిపించాయి. ప్రొఫెసరు జుట్టు మొదళ్ళలో తెల్లగా ఉంది. త్రికాలాలూ చూసేవాడు రంగు ఎప్పుడు దిగిపోతుందో చూసుకోలేదు.

బయట వరుసలో సగం మంది వెళ్ళిపోయారు. మిగతా సగం కదల్లేదు. ముందు నిలబడ్డ ఒకావిడ విసుగ్గా, "మీ బెల్లం గొడవ బయట చూసుకోండి బాబూ, మా అమ్మాయి సంబంధం సంగతి అడగాలి," అంది. నా బ్యాంకు ఆఫీసరు స్టూడెంటు కూడా మళ్ళీ వచ్చి పేపరు వెనక అలాగే కూర్చున్నాడు. నేను నమస్కారం పెట్టాను. పేపరు నమస్కారం పెట్టలేదు.

మెట్లు దిగేటప్పుడు మూర్తి ఆగి, వరుసలో మిగిలినవాళ్ళకి వినపడేలా, "మరిడమ్మ దొంగ కాదు. దొంగ ఆ లోపలున్నోడు," అన్నాడు. తల వంచుకునే అన్నాడు గానీ గట్టిగానే అన్నాడు.

మరిడమ్మ కుళాయి కనిపించినచోటల్లా ఆగుతూ ఇంటికి వెళ్ళేదాకా నోరు పుక్కిలిస్తూనే ఉంది.

మరుసటి రోజు ఆమె మా ఇంటికి వచ్చింది, పక్కింటికి వెళ్ళలేదు. గిన్నెలు తోముతుండగా పెరటి గుమ్మంలో సుందరమ్మ కనిపించింది. చేతిలో స్టీలు పళ్ళెం, అందులో చిన్న బెల్లం దిమ్మ, బంగారు రంగులో మెరుస్తోంది. మూర్తి యార్డులో తనకోసం పక్కన పెట్టుకునే రకం.

గాజులు అప్పటికి దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. ఎవరు తీశారో, ఎక్కడ పడ్డాయో నాకు తెలియదు. తెలుసని చెప్పుకొనే వృత్తి కాదు నాది. గాజులు దొరికాక వచ్చి క్షమించమనడం తేలిక. అవి దొరక్కుండానే సుందరమ్మ వచ్చింది. ఆ ఒక్క విషయానికి ఆవిణ్ణి నేను గౌరవిస్తాను.

"నూకరత్నానికే," అంది పళ్ళెం గట్టు మీద పెడుతూ. "నిన్న దానికి... సగం ముక్కేనంట గదా నువ్వుంచింది." పళ్ళెం ఇంకాస్త ముందుకు జరిపింది. "ఇంటికి రావే మరిడీ. సింకు నిండిపోయింది," అంది చివరికి. క్షమాపణ అడగడం అలవాటు లేని నోరు, దొరికిన మాటలతోనే అడిగింది.

మరిడమ్మ చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. దిమ్మని గట్టు మీద కొట్టి ఒక ముక్క విరిచింది. నోట్లో వేసుకోలేదు, కొంగులోనూ కట్టలేదు. సుందరమ్మ ముందుకు చాపింది.

"ముందు మీరు తినండమ్మా."

"నేనా?"

"నోట్లో ఎయ్యండి. మింగండి. నేను సూత్తాను."

సుందరమ్మ ముఖం ఎర్రబడింది. నేను లోపలికి పోదామనుకుని కూడా కదల్లేకపోయాను. ఆవిడ ముక్క అందుకుని నోట్లో వేసుకుంది. మరిడమ్మ రెప్ప వెయ్యకుండా ఆ దవడల వంకే చూసింది, ఎర్రబల్బు గదిలో అందరూ తన దవడలు చూసినట్టు. సుందరమ్మ నమిలింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా మింగింది. గొంతు దిగడం నాకూ కనిపించింది.

"దిగిందా అమ్మా?"

"దిగిందే."

మరిడమ్మ మిగిలిన దిమ్మని జాగ్రత్తగా కొంగులో కట్టుకుంది, ఈసారి మొత్తం. తరవాత కుళాయి కట్టేసి, నా వైపు తిరిగి, "మీ కూర పొయ్యి మీదుంది బాబూ, అయిదు నిమిసాలాగి దించుకోండి," అని చెప్పి, సుందరమ్మ వెనకాల పక్కింటి గుమ్మంలోకి నడిచింది.